గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు

ఆగస్టు 19, సోమవారం

వాన లేదు.

ఈ పుస్తకం వెల్డాది. పెరట్లో గాజు గొట్టం పాతి, అందులో పడ్డ వానను కొలిచి, తారీఖు వేసి ముప్పయ్యేడేళ్లు ఇందులో సిరాతో రాసుకుంది నా భార్య. మా టెక్సస్ మెట్టలో ఆ పని చేయాలంటే భక్తి ఉండాలి. పేజీల కొద్దీ "వాన లేదు, వాన లేదు" అనే ఉంటుంది. ఆమె పోయాక సగం పుస్తకం తెల్లగా మిగిలింది. తెల్ల కాగితం పారేసే అలవాటు మా వంశంలో లేదు. ఆమె వాన ఆగిన చోట నా సోది మొదలు.

ఇవాళ చర్చి వెనక హాల్లో ఆరుగురం బైబిల్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాం. బడి గంట మోగింది మొదలు చొక్కా కింద పిస్తోలు కట్టుకుని తిరగబోయే ఆరుగురం. మేమెవరమో ఊరికి తెలియకూడదు. మొగుడికి చెప్పకూడదు, పెళ్లానికి చెప్పకూడదు. ఎవరి నడుముకి ఉందో తెలియకపోతేనే బడిలో కాల్పులకి వచ్చే వెధవకి భయమని స్కూలు బోర్డు ఛైర్మన్ క్లెట్ మాబ్రీ సిద్ధాంతం. పోలీసు అధికారి షెరీఫ్ ఉండేది నలభై మైళ్ల అవతల. ఆయన కారెక్కేలోపు ఇక్కడ శవాలు చల్లబడతాయంటాడు క్లెట్. క్లెట్ పశువుల మనిషి. ఏ మాటైనా బరువు తూచి అంటాడు.

అందరిలో ముసలివాణ్ణి నేనే. పొద్దున బడిలో కుళాయిలు, తాళాలు, బాయిలరు చూస్తాను. మధ్యాహ్నం నుంచి ఇంటి పక్క షెడ్డులో తుపాకులు బాగుచేస్తాను, నలభై ఏళ్లుగా. అందుకని మిగతా అయిదుగురికి నేర్పే పని, పిస్తోళ్లు శుభ్రం చేసే పని నాకే ఇచ్చారు. ఆరూ ఒకే రకం, కవలల్లా ఉంటాయి. నంబరే తేడా. ఏ నంబరు ఎవరిదో రాసిన చిన్న పుస్తకం ఒక్కటే ఉంది, అది నా దగ్గరే ఉంది. పెన్సిలుతో రాశాను. మనుషులు వస్తారు, పోతారు. సిరా ఎందుకు దండగ.

ఆగస్టు 22

వాన లేదు.

ఆరుగురిలో గురి ఉన్నది ఒక్క కోరీనా ఆయాలాకే. రెండో తరగతి టీచరు. మొగుడు బెటో దూది మిల్లులో పనిచేస్తాడు. తమాషా ఏమిటంటే, వసంతంలో జరిగిన మీటింగులో ఈ ఏర్పాటు వద్దని లేచి నిలబడ్డది కూడా ఆవిడొక్కతే.

"నేను కూడికలు చెప్పడానికి వచ్చానండీ. నడుముకి అది కట్టుకుంటే నా సగం బుర్ర దాని మీదే ఉంటుంది. మిగతా సగంతో ఇరవై రెండు మంది పిల్లల్ని చూడలేను," అంది.

నేను వెనక వరసలోంచి అన్నాను: "వాడు తలుపు తన్నుకుని లోపలికొస్తే ఏం విసురుతావు తల్లీ, డస్టరా?"

హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. వారం తర్వాత నా షెడ్డుకొచ్చి, "నేర్పండి ఎల్‌బర్ట్ గారూ. డస్టరు మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు," అంది. నా మాటకు అంత బలముందని నాకే తెలియదు.

నా రోజుల్లో ఈ గొడవే లేదు. ప్రతి పిల్లాడి పికప్పు బండి వెనక అద్దానికి ఒక రైఫిలు వేలాడేది. బడి కాగానే కుందేళ్లకు పోయేవాళ్లం. మా సైన్సు మేష్టారు ఒకసారి నా రైఫిలు అడిగి పట్టుకెళ్లి, కుందేలుతో తిరిగొచ్చి, దాన్నే కోసి గుండెకాయ ఎక్కడుంటుందో పాఠం చెప్పాడు. ఎనిమిదో తరగతిలో నేను నేర్చుకున్నదల్లా అదే, ఆ పైన బడికి పోలేదు. మిగతా చదువంతా ఊరూరా తిరిగే ఒక మనిషి అమ్మిన విజ్ఞాన సర్వస్వంలోంచి వచ్చింది. ఎం అక్షరం దాకా సంపుటాలు ఇచ్చి ఆయన మళ్లీ కనబడలేదు. అందుచేత ఎం దాకా లోకమంతా నాకు తెలుసు. ఎన్ నుంచి అడగొద్దు. మొన్న డాక్టరు నాకు ప్రోస్టేటు అన్నాడు. పి అక్షరం. నేనేం చేయను.

సెప్టెంబరు 5

వాన లేదు.

శుభ్రానికి పిస్తోళ్లు నా దగ్గరికి ఎలా చేరాలి, ఊరి కంట పడకుండా? ఉపాయం నాదే. ఫాయిల్ కాగితం కప్పిన గాజు గిన్నె. మా ఊళ్లో చావుకైనా, పురుడుకైనా, ఆపరేషనుకైనా ఒకటే మందు: చికెను, జున్ను పేర్చి కాల్చి, పైన ఫాయిల్ కప్పి గుమ్మంలో పెట్టడం. గిన్నె పట్టుకుని వచ్చే మనిషిని ఎవరూ ఆపి అడగరు. పెళ్లాం పోయిన ముసలాడింటికి ఆడవాళ్లు గిన్నెలు మోస్తుంటే ఊరు మెచ్చుకుంటుంది కూడా.

గిన్నె అడుగున తెల్ల పట్టీ అంటించి పేరు రాసుకుంటారు, తిరిగి చేరడానికి. తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. అది వెల్డా నియమం, ఆమె తల్లి నియమం. అక్రోటు లాంటి పీకన్ కాయలు నాలుగైనా వేసి ఇవ్వాలి.

సెప్టెంబరు 14

వాన లేదు. రాత్రి అయిదుసార్లు లేచాను.

సెప్టెంబరు 25, బుధవారం

వాన లేదు.

సాయంత్రం కోరీనా గిన్నెతో వచ్చింది. ఎదురింటి వసారాలోంచి చూసిన ఆవిడ "వాసన ఇక్కడికొస్తోందమ్మాయ్," అని కేక వేసింది కూడా. గిన్నెలో ఉన్నది పిస్తోలు, పాత తువ్వాలు. తూటాలుండే మేగజీను బిగుసుకుపోయి ఊడి రావడం లేదట.

"రేపటికి అయిపోతుందా?"

"ఎల్లుండి తీసుకో."

"అయితే రేపు ఒట్టి చేతులతో వెళ్లనా?"

"ఒక్కరోజుకి ఏం మునుగుతుంది తల్లీ. నేనున్నాను కదా."

నవ్వింది. "నిజం చెప్పనా ఎల్‌బర్ట్ గారూ, నడుము తేలిగ్గా ఉంది. ఇవాళ రాత్రి బెటో నడుం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడక్కర్లేదు." అంతలోనే సిగ్గుపడింది. ప్రమాణం చేసింది చేసినట్టే పాటిస్తోంది, పిచ్చిపిల్ల. మొగుడికి కూడా చెప్పలేదు.

పిస్తోలు షెడ్డు సొరుగులో పెట్టాను. గిన్నె వంటింటి బల్ల మీద ఉంది.

సెప్టెంబరు 26, గురువారం

పొద్దున్నే రెండో తరగతి పక్కనున్న పిల్లల మరుగుదొడ్డిలో కుళాయి కారుతోందని దానికి తాళం వేశాను. బాగుచేస్తూ మధ్యలో నాకే అవసరం పడి టీచర్ల దొడ్డికి వెళ్లాను. బెల్టు విప్పితే పిస్తోలు జారుతుంది. దాన్ని గోడకున్న దొడ్డి కాగితం చుట్ట పెట్టె మీద పెట్టాను. ప్రతిసారీ అక్కడే పెడతాను.

తర్వాత కుళాయి దగ్గరికి వచ్చేశాను.

పది నిమిషాలై ఉంటుంది. పిల్లల దొడ్డికి తాళం ఉంది కనక టెస్సీ అనే పాప టీచర్ల దొడ్డికి వెళ్లింది. ఏడేళ్లది, ముందు పళ్లు లేవు. నేను రెంచీ పట్టుకుని నడవాలోకి వచ్చేసరికి నాకు ముందుగా నడుస్తోంది. రెండు చేతులతో నా పిస్తోలు పట్టుకుని ఉంది. పుట్టినరోజు కేకు ఒలికిపోకుండా పట్టుకెళ్తున్నట్టు, ఒక్కొక్క అడుగే వేస్తోంది. పిస్తోలు గొట్టం తన పొట్టకేసి ఉంది.

నేను పిలవలేదు. పిలిస్తే ఉలిక్కిపడుతుందని పిలవలేదు. అదీ కారణం. ఇంకో కారణం ఉందేమో ఇవాళ నాకు తెలియదు.

తరగతిలోకి వెళ్లింది. తలుపు అద్దంలోంచి చూశాను.

"మిస్, ఎవరో ఇది మరిచిపోయారు."

కోరీనా గొంతు లేవలేదు. "మంచిపని చేశావు టెస్సీ. అలాగే కదలకుండా నిలబడు. ఇప్పుడు మనం విగ్రహాల ఆట ఆడుతున్నాం, అందరూ. ఎవరు ముందు కదిలితే వాళ్లు ఓడిపోయినట్టు." ఇరవై రెండు మందీ బొమ్మలైపోయారు. ఆవిడ వెళ్లి, పాప వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఆ చేతుల మీదుగా తన చేతులు పోనిచ్చి, గొట్టం నేలకు తిప్పి తీసుకుంది. మేగజీను లాగి, గొట్టంలో ఉన్న తూటా కూడా బయటికి తీసింది. నేను నేర్పినట్టే చేసింది. నేర్పినదానికన్నా బాగా చేసింది.

ఆవిడ తల ఎత్తితే తలుపు అద్దం అవతల నేను. ఆవిడ కళ్లల్లో ఏముందో చెప్పలేను. దండం పెట్టినట్టు ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం

సూపరింటెండెంటు డార్లా హెన్‌స్లీ కబురు పెట్టింది. నంబరు చివర పదిహేడు, ఎవరిదో పుస్తకం చూసి చెప్పమంది. పుస్తకం ఇంట్లో ఉందన్నాను. ఉన్నది ఇంట్లోనే, అందులో అబద్ధం లేదు.

పదిహేడు నాది. ఇరవై రెండు కోరీనాది. ఇరవై రెండు నా సొరుగులో ఉంది. అది అక్కడున్నట్టు ఎదురింటి ఆవిడకు తెలియదు, బెటోకు తెలియదు, ఎవరికీ తెలియదు. రహస్యం అంత బాగా పాటించాం.

నేను డెబ్బై నాలుగేళ్లవాణ్ణి. ఆవిడకు ముప్పై ఒకటి. ఆవిడకు ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది. తుపాకీ మరిచిపోయిన తుపాకీల మేస్త్రీకి లోకంలో ఏం దొరుకుతుంది? పైగా పాపకు ఏమీ కాలేదు. ఏమీ కాని దానికి తప్పెవరిదన్న ప్రశ్నే తప్పు.

పెన్సిలు రాత ఎంత తేలిగ్గా పోతుందో. కాగితం మీద మరక కూడా లేదు.

సెప్టెంబరు 27, శుక్రవారం

డార్లా గదిలో నలుగురం, తలుపు మూసి. డార్లా, క్లెట్, కోరీనా, నేను. బల్ల మీద నా నంబర్ల పుస్తకం, పదిహేడుకి ఎదురుగా కోరీనా పేరు.

కోరీనా తేలిగ్గానే ఉంది. "నాది బుధవారమే ఎల్‌బర్ట్ గారికి ఇచ్చేశాను. గిన్నెలో పెట్టి. చెప్పండి ఎల్‌బర్ట్ గారూ."

అందరూ నా వైపు తిరిగారు. ఇక్కడ నేను తొందరపడలేదు. బాధగా ఉన్న మనిషి మెల్లగా మాట్లాడతాడు.

"గిన్నె తెచ్చావు తల్లీ. చికెను పెట్టావు. చాలా బాగుంది. గిన్నె ఇంకా తిరిగివ్వలేదు, నాదే తప్పు."

ఆవిడ నా మీంచి చూపు తీసి డార్లా వైపు తిరిగింది. 

"నాది ఇరవై రెండుతో అయిపోతుంది," అంది. "నా తరగతిలో ఇరవై రెండు మంది. అలా గుర్తు పెట్టుకున్నాను. లెక్కలు చెప్పేదాన్ని, అంకె మరిచిపోను."

క్లెట్ కుర్చీలో వెనక్కి వాలాడు. "పిస్తోలే మరిచిపోయినదానివి. అంకె గుర్తుందా?"

"దాన్ని ఖాళీ చేసింది నేనండీ."

"అదే కదమ్మా అంటున్నది. పరాయి పిస్తోలైతే అంత చకచకా చెయ్యి తిరుగుతుందా?"

డార్లా కళ్లజోడు తీసి తుడుచుకుంది. మంచి మనిషి. తుడవడం ఎంతకీ అవలేదు.

పోతూ పోతూ కోరీనా నా పక్కన ఆగింది. చాలా మెల్లగా అడిగింది: "మీకు ఒంట్లో బాగా లేదా ఎల్‌బర్ట్ గారూ? నిజంగా మరిచిపోయారా?"

అలా అడగాల్సింది కాదు. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 29, ఆదివారం

వాన లేదు.

చర్చి నుంచి వచ్చేసరికి బెటో నా షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు. గొడవకొచ్చినవాడు టోపీ తియ్యడు కదా అని దగ్గరికి వెళ్లాను.

"పెద్దాయనా, ఒకటే అడుగుతాను. మా ఆవిడ అబద్ధం చెప్పదు. మీరూ చెప్పరంటున్నారు ఊళ్లో. మరి ఈ మధ్యలో ఏమయింది?"

"బాబూ, భయం వేస్తే మనిషి మనసు కథలల్లుతుంది. ఆవిడ కావాలని అనడం లేదు."

టోపీ అంచు తిప్పుకున్నాడు. "నెలపైగా నా పక్కలో పిస్తోలుంది. నాకు చెప్పలేదు. మాకు మూడేళ్ల పిల్లాడున్నాడు."

"ప్రమాణం చేసింది బాబూ."

"నాకూ చేసింది ఒకటి. చర్చిలోనే."

 పీకన్లు తీసుకెళ్లమన్నాను. వద్దన్నాడు.

అక్టోబరు 4, శుక్రవారం

బడి పండుగ. రాత్రి ఫుట్‌బాల్ ఆట, మైదానానికి అయిదు ఊళ్ల జనం. మన జట్టుకు ఆరుగురే ఆటగాళ్లు, ఊరు అంతటిదే. పండుగ వారంలో పిల్లలు తమకిష్టమైన ఆటగాళ్ల ఇళ్ల ముందు చెట్లకు దొడ్డి కాగితం చుట్టలు విసిరి తోరణాలు కట్టడం ఆనవాయితీ. అభిమానం కొద్దీ చేస్తారు. ఎవరి చెట్టు ఎంత తెల్లబడితే వాళ్లకంత గౌరవం.

పొద్దున చూస్తే ఊళ్లో అన్నిటికన్నా తెల్లటి చెట్టు కోరీనా ఇంటి ముందుంది. ఒక్కొక్క చుట్ట చివర ఒక్కొక్క ప్లాస్టిక్ బొమ్మ పిస్తోలు కట్టారు. బెటో నిచ్చెన వేసుకుని విప్పుతున్నాడు. మూడేళ్లవాడు కింద నిలబడి, పడ్డవి ఏరుకుని ఆడుకుంటున్నాడు.

మనవాళ్లకు హాస్యం ఉంది. అది కాదనలేం.

అక్టోబరు 8, మంగళవారం

బోర్డు మీటింగు. హాలు నిండిపోయింది. రహస్యం అన్నది రెండు వారాల కిందటే ఊరంతా పంచుకు తినేసింది, ఒక్క మిగతా అయిదుగురి పేర్లు తప్ప. ఆ అయిదుగురూ హాల్లోనే ఉన్నారు. నాతో కలిపి. ఎవరూ తల ఎత్తలేదు.

తుపాకులు బడిలో ఉండాలా వద్దా అని ఒకావిడ అడగబోయింది. క్లెట్ చెయ్యెత్తాడు. "తుపాకీ తప్పు చెయ్యలేదమ్మా. తుపాకీ ఎక్కడ పెడితే అక్కడే ఉంది."

కోరీనాను ఒక మాట చెప్పుకోనిచ్చారు. లేచి హాలు వైపు కాదు, నా వైపు తిరిగింది.

"డస్టరు విసిరినా బాగుండేది," అని కూర్చుంది.

ఎవరికీ అర్థం కాలేదు. బోర్డువాళ్ల అయిదు చేతులు లేచాయి, ఆవిడ ఉద్యోగం పోయింది.

అక్టోబరు 10

గిన్నె తిరిగి ఇచ్చాను. కడిగి, తుడిచి, నిండా పీకన్లు పోసి, పైన ఫాయిల్ కప్పి వాళ్ల గుమ్మంలో పెట్టాను. తలుపు కొట్టలేదు.

సాయంత్రం వెళ్తూ చూశాను. గిన్నె పెట్టిన చోటే ఉంది. ఉడతలు ఫాయిల్ చింపేశాయి.

అక్టోబరు 19

వాళ్లు ఊరు వదిలిపోయారు. దూది రోజులు, మిల్లు రాత్రింబవళ్లు నడిచే కాలం. బెటో మధ్యలో పని మానేసి పోవడం బాధ్యత లేని పని అని క్లెట్ అన్నాడు. నేనూ అనుకున్నాను.

అక్టోబరు 23

ఆలోచించగా ఆలోచించగా, ఆ బుధవారం గిన్నెలో చికెను ఉన్నట్టే గుర్తొస్తోంది. అడుగున మొక్కజొన్న రొట్టెలు, పైన జున్ను మాడి గోధుమరంగు. నాలుక్కి రుచి కూడా తెలుస్తోంది. తినకపోతే రుచి ఎలా తెలుస్తుంది?

నవంబరు 14

వాన రెండు చుక్కలు. కొలతకు రాలేదు.

కొత్త నియమం పెట్టించాను, డార్లా సంతోషంగా సంతకం చేసింది. ఆరు పిస్తోళ్లలో ఒకటి ఎప్పుడూ నా షెడ్డులో ఉండాలి. వంతుల వారీగా వారానికొకరు గిన్నెలో తెచ్చి ఇస్తారు. యంత్రానికి విశ్రాంతి కావాలి, నూనె కావాలి. ఇవ్వడం, తీసుకోవడం ఇద్దరి మధ్యే, రసీదు లేకుండా. కాగితం పుడితే రహస్యం చస్తుంది. ముందే పెట్టాల్సిన నియమం. పెట్టి ఉంటే పాపం ఆ పిల్లకు ఆ పొరపాటు జరిగేదే కాదు.

పద్దెనిమిది నిండిన విద్యార్థులకూ ఇవ్వచ్చా అని క్లెట్ నన్ను సలహా అడిగాడు. నడుము మీద బెల్టు నిలబడితే చాలన్నాను.

కోరీనా స్థానంలో హేడెన్ స్ప్రాడ్‌లిన్ అనే కుర్రాడు వచ్చాడు, ఫుట్‌బాలు కోచి. రెండో తరగతీ అతనికే, నడుము మీద ఆవిడ చోటూ అతనికే ఇచ్చారు. నన్ను "సార్" అంటాడు. చెప్పింది వింటాడు. పెళ్లాం నిండుచూలాలు.

ఇవాళ నడవాలో టెస్సీ ఎదురొచ్చింది. రెండు కొత్త పళ్లు వచ్చాయి.

"తాతా, మీది మీకు ఇచ్చేశారా?"

"ఏదమ్మా?"

"మీరు మరిచిపోయినది."

"నాదేం పోలేదు తల్లీ," అని పిప్పర్‌మెంటు ఇచ్చాను. బుగ్గలో పెట్టుకుంది. పిల్లలు ఏవేవో అనుకుంటారు.

నవంబరు 28

థాంక్స్‌గివింగు. గుమ్మంలో అయిదు గిన్నెలు. నాలుగు గిన్నెల్లో తిండి.

డిసెంబరు 4

కొలతకు వచ్చిన వాన, పావు అంగుళం. వెల్డా ఉంటే సంతోషించేది. రాత్రి ఆరుసార్లు లేచాను.

డిసెంబరు 5, గురువారం, మధ్యాహ్నం

భోజనానికి ఇంటికొచ్చాను. బీన్సు వేడి చేసుకుని, బల్ల దగ్గర కూర్చుని బెల్టు వదులు చేశాను.

ఒర ఖాళీగా ఉంది.

పొద్దున పిల్లల దొడ్డిలో కుళాయి మళ్లీ కారింది. తాళం వేశాను. తాళం చెవి జేబులోనే ఉంది, వేళ్లకు తగులుతోంది. పన్నెండున్నర అయింది. పిల్లలు తిండి ముగించి తరగతికి వచ్చే వేళ. బండి తీస్తే నాలుగు నిమిషాలు. ఫోను చేస్తే ఒక్క నిమిషం. ఫోనుకైనా ముందు ఏం చెప్పాలో తెలియాలి కదా. ముందు రాసుకుందామని కూర్చున్నాను. రాస్తే బుర్ర నిలబడుతుంది.

బీన్సు మాడుతున్నాయి.

బల్ల మీద ఈ వారం గిన్నె ఉంది. ఫాయిల్ కప్పి, నిన్న సాయంత్రం వచ్చింది. పిస్తోలు తీసి సొరుగులో పెట్టాను. నియమం ప్రకారమే. ఎవరి వంతో గుర్తు రాలేదు. ఈ మధ్య మరిచిపోతున్నాను. గిన్నె తలకిందులు చేసి చూశాను. అడుగున తెల్ల పట్టీ మీద నీలం సిరాతో, పెళ్లాం రాసినట్టుంది, గుండ్రటి అక్షరాలు: స్ప్రాడ్‌లిన్.

మంచి కుర్రాడు. చిన్న వయసు. ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది.

ఫోను మోగుతోంది.

మోగనీ. నంబర్ల పుస్తకం తెరిచాను, పెన్సిలు ముక్కు విరిగింది. చెక్కుకుని ఫోను తీస్తాను.